గాజు లోపలి నెలవంక

ఆగస్టు నెల, రెండో గురువారం, మధ్యాహ్నపు జుహర్ నమాజు ముగిసిన వేళ. స్థలం సలాలా పట్టణంలో తుఫూల్ బిన్త్ సుహైల్ ఇంటి ఆవరణ, కారు నిలిపే రేకుల పంచ. హాజరైనవారు నలుగురు: బాలికల పాఠశాలలో రసాయనశాస్త్రం బోధించే తుఫూల్, ఆమె తమ్ముడు ముసల్లం, బీమా సంస్థ తరఫున విచారణకు వచ్చిన హమ్‌దాన్, పోలీసు శాఖకు చెందిన లెఫ్టినెంట్ జువైనా.

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించేలోగా జువైనా తన పై అధికారికి ఫోను చేసి ఔననో కాదనో చెప్పాలి. ఔనంటే మహిళా పోలీసుల బండి ఈ గుమ్మం ముందు ఆగుతుంది, తుఫూల్ అందులో ఎక్కుతుంది. ఆమె మీద పడిన నింద చిన్నది కాదు. సోమవారం పొద్దు గుంకే మగ్రిబ్ వేళ అక్కాతమ్ముళ్ల ఉమ్మడి సాంబ్రాణి గిడ్డంగికి ఎవరో నిప్పు పెట్టారు. లోపల నిద్రపోతున్న ముసలి కాపలాదారు సుబైత్ ఒళ్లు కాలి, నాటి నుంచి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఖరీఫ్ అని పిలిచే వానకాలపు తుంపర వారాల తరబడి విడవకుండా కురుస్తున్న ఊళ్లో గోడలు చెమరుస్తాయి, బట్టలు ఆరవు, అగ్గిపుల్ల మూడోసారికి గాని అంటుకోదు. అలాంటి రోజుల్లో గిడ్డంగి దానంతట అది కాలదని చిన్నపిల్లలకైనా తెలుసు.

తుఫూల్ కారు బానెట్ మీద హమ్‌దాన్ తన చిన్న కంప్యూటరును తెరిచిపెట్టాడు. తెర మీద తెల్లటి మసక. ఆ మసకలో గిడ్డంగి ఆకుపచ్చ గేటు దగ్గరకు జరుగుతూ వచ్చి ఆగింది. అది కారు వెనుక కెమెరా తీసిన దృశ్యం. అడుగున తేదీ సోమవారానిది. సమయం, మంటలు రేగడానికి కొద్దిసేపటి ముందుది.

"చూశావుగా చెల్లెమ్మా. తేదీ ఉంది, టైము ఉంది, గేటు ఉంది. ఇంకేం కావాలి? ఒంటె వచ్చి సాక్ష్యం చెప్పాలా?" అన్నాడు హమ్‌దాన్.

"చెబితే మీకంటే నిదానంగానే చెబుతుంది హమ్‌దాన్ అన్నా," అంది జువైనా.

హమ్‌దాన్ నవ్వాడు. అతడు ఒకప్పుడు జువైనాకు పై అధికారి. వేలిముద్ర చెరగకుండా తీయడం ఆమెకు నేర్పినది ఆ చేతులే. ఉద్యోగ విరమణ తర్వాత బీమావాళ్ల పక్షం చేరినా, ఏ సంఘటనా స్థలానికైనా పోలీసుల కంటే ముందు చేరుకునే అలవాటును మాత్రం మానుకోలేదు. ఈ కేసులోనూ అతడే ముందు. మెమరీ కార్డు మొదట పడింది అతడి చేతిలోనే.

ముసల్లం కాఫీ కూజాతో పంచలోకి వచ్చాడు. సన్నని మనిషి, మెత్తని గొంతు. మూడు రోజులుగా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. హమ్‌దాన్‌కు పోసి, జువైనాకు పోసి, అక్క ముందు మాత్రం కప్పు కింద పెట్టి తల దించుకున్నాడు.

"ముసల్లం, కార్డు బండిలోంచి తీసింది మీరేనా?" జువైనా అడిగింది.

"నేనే తీశానమ్మా. మంగళవారం పొద్దున, ఈ సారు ఎదురుగానే. ఆయన బండి వెనకాల నిలబడి ఉన్నారు. తాళం తిప్పి, కార్డు పనిచేస్తోందో లేదో చూడమన్నారు. ఎర్రదీపం వెలిగింది. తీసిచ్చాను. మా అక్క మీద సాక్ష్యం నా చేత్తోనే ఇయ్యాల్సి వచ్చింది..."

"రివర్సు గేరు వేశారా?"

"ఎందుకేస్తానమ్మా? బండి కదిలించలేదుగా."

"మరి ఈ మసక?"

"ఖరీఫ్ మొదలైనప్పటి నుంచీ అంతే. లోపలికి నీళ్ల ఆవిరి చేరింది. బాగుచేయించవే అంటే అక్క వినదు. మంగళవారమూ అంతే, ఇవాళా అంతే."

తుఫూల్ చటుక్కున తలెత్తి తమ్ముడి వంక చూసింది. ఏదో అనబోయి, పెదవులు బిగించుకుంది. ఆ చూపును జువైనా గమనించింది. దాన్ని మనసులో దాచుకుని తర్వాతి ప్రశ్న వేసింది.

"మీరు ఊళ్లో లేరన్నారు?"

"శుక్రవారం మస్కట్ పోయాను. సోమవారం రాత్రి బస్సు దిగి చూస్తే అంతా బూడిద."

"సరే. లోపల కూర్చోండి. అవసరమైతే పిలుస్తాను."

అతడు కూజా పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాక, జువైనా తన కప్పును చాలన్నట్టు ఆడించి పక్కన పెట్టి, తుఫూల్ వైపు తిరిగింది.

"టీచర్ గారూ, మొన్న ఆస్పత్రిలో మీరొక మాట అన్నారట. కెమెరా మసకను శనివారమే బాగుచేశానని."

"అన్నాను."

"ఏ గ్యారేజీలో?" హమ్‌దాన్ అందుకున్నాడు. "రసీదేది? మెకానిక్కు పేరేంటి?"

"గ్యారేజీకి పోలేదు. వాళ్లు కెమెరా మొత్తం మార్చాలన్నారు. పనిచేసేదాన్ని పారేయడం నాకు పడదు. నేనే విప్పాను."

"అదిగో! వంటింట్లో కెమెరా వండారట. ఇది నమ్మాలి మనం," అన్నాడు హమ్‌దాన్.

"వంటింట్లో కాదు, ఇక్కడే ఈ బల్ల మీద. మీ వేళాకోళం అయ్యాక చెబుతాను," అంది తుఫూల్, తరగతి గదిలో అల్లరి పిల్లను చూసినట్టు చూస్తూ.

జువైనాకు ఆ మాటతీరు నచ్చింది. "చెప్పండి. మొదటి నుంచి, ఏదీ వదలకుండా."

తుఫూల్ చెప్పింది. ముందు మసక బయటిదో లోపలిదో తేల్చుకుంది. గాజును మెత్తని గుడ్డతో తుడిచింది, పోలేదు. పగలు ఎండపొడ తగిలినప్పుడు పలచబడి, సాయంత్రానికి మళ్లీ చిక్కబడుతోంది. అంటే పైపూత చెడలేదు, లోపల తేమ చేరింది. నంబరు పలక మీది పట్టీని ఊడదీసి, రెండు మరలు విప్పి, కెమెరాను బయటికి తీసింది. ముందరి గాజును పట్టి ఉంచిన జిగురు మెత్తబడేవరకు వేడినీళ్లలో ముంచిన గుడ్డను చుట్టి, పళ్లసందులు కుట్టుకునే సన్నని దారంతో చుట్టూ కోసింది. గాజు ఊడి వచ్చింది. లోపలి పాత రబ్బరు చుట్ట ఒకచోట పగిలి ఉంది. తేమకు అదే దారి.

"దారంతోనా? స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తలేదా?" జువైనా అడిగింది.

"ఎత్తితే గాజు అంచు పెచ్చులూడుతుంది. అక్కణ్ణుంచి మళ్లీ తేమ దిగుతుంది. అప్పుడు చేసిన పనంతా సముద్రంలో కలిసినట్టే."

"ఎందుకింత శ్రమ? తల తిప్పి వెనక్కి చూసుకుంటే పోయేదిగా?" అన్నాడు హమ్‌దాన్.

"మా గుమ్మం ముందు పక్కింటి చంటిపిల్లలు బురదలో ఆడుకుంటారు. వాళ్లు కారు వెనక కూర్చుంటే వాళ్ల నెత్తి కూడా నాకు అద్దంలో అందదు. అందుకు."

హమ్‌దాన్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

జువైనా చేతులకు తొడుగులు వేసుకుని, కారు వెనుకకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. పట్టీని ఊడదీసింది. మరలు ఏ జంకూ లేకుండా తిరిగాయి. వాటి తలల మీద ఒక్క గీత లేదు. కెమెరా బొటనవేలంత ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని భూతద్దం దగ్గరకు చేర్చింది. గాజు చుట్టూ పారదర్శకమైన సిలికాన్ జిగురు జుట్టుపోగంత సన్నగా, ఎక్కడా తెగకుండా, ఎక్కడా పొంగకుండా చుట్టుకుని ఉంది. మొదలెక్కడో చివరెక్కడో ఆనవాలు లేదు. పగిలిన రబ్బరు స్థానంలో కొత్త రబ్బరు చుట్ట, అతుకు కిందివైపుకు కాకుండా పక్కకు వచ్చేలా అమర్చి ఉంది. కిందివైపు నీటి బొట్టు నిలుస్తుందని తెలిసిన మనిషి మాత్రమే చేసే ఏర్పాటు అది. సంవత్సరాల తరబడి తాళాలూ కిటికీలూ సీలు వేసిన సీసాలూ పరీక్షించిన జువైనాకు, చెయ్యి తిరిగిన పనికీ చేతులు దులుపుకున్న పనికీ తేడా చెప్పడానికి మరొకరు అక్కరలేదు.

"అన్నా, ఒకసారి ఇటు రండి."

హమ్‌దాన్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "అబ్బ!" అన్నాడు చివరికి, ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనే నొచ్చుకున్నట్టు. "ఫ్యాక్టరీవాడు సిగ్గుపడాలి. జిగురు వేలితో దిద్దారా టీచరమ్మా?"

"సబ్బునీళ్లలో తడిపిన వేలితో. లేకపోతే అంటుకుంటుంది. తర్వాత ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచాను. అంతకంటే ముందు బిగిస్తే ఆరని జిగురు ఆవిరి లోపల గాజుకు పట్టేస్తుంది."

జువైనా కెమెరాను ముక్కు దగ్గరకు చేర్చింది. సన్నని సాంబ్రాణి వాసన తగిలింది. తర్వాత గాజును వెలుతురుకు వాలుగా పట్టింది. నీటి మసక జాడ లేదు. కాని గాజు లోపలి ముఖం మీద, ఒక అంచున, తేనె పూసి తుడిచినట్టు పలుచని వంకర మరక ఉంది.

"ఆరబెట్టింది ఎక్కడ?" ఆమె అడిగింది.

తుఫూల్ ముఖం మొదటిసారి ఎర్రబడింది. "అక్కడే నేను పొరపాటు చేశాను. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడితే గాలి ధూళిని లోపలికి కొడుతుంది. ఎండ లేదు. బియ్యంలో పెడితే పిండి అంటుకుంటుంది. బట్టలకు సాంబ్రాణి పట్టే కర్ర గూడు ఉంది కదా, మజ్మర్‌లో, అదే ధూపం కుంపటిలో, చల్లారుతున్న బొగ్గులుంచి దాని మీద పెట్టాను. సమానమైన వేడి, ధూళి లేదు. సాంబ్రాణి ఒక్క పలుకు కూడా వేయలేదు, ఒట్టు."

"గూడు ఎవరిది?"

"మా ముత్తవ్వది."

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి నవ్వారు. మూడు తరాల పెళ్లిళ్ల పొగ, పండుగల పొగ, పురుళ్ల పొగ తాగి కూర్చున్న కర్ర అది. వెచ్చబడగానే లోపలి సారమంతా కక్కింది. గూడు పలక మీద ఏటవాలుగా ఆనించిన గాజుకు, ఆనిన అంచు పొడుగునా అది పూతలా పట్టుకుంది. సాంబ్రాణి పుట్టిన ఈ నేల మీద తప్ప మరెక్కడా, ఏ రసాయనశాస్త్రజ్ఞురాలూ చేయలేని తప్పు.

"బిగించాక తెర మీద చూశాను. కుడివైపు పైన చిన్న నెలవంక. మళ్లీ జిగురు కోయడానికి మనసొప్పలేదు. రంజాన్ ముందే వచ్చిందిలే అనుకుని ఊరుకున్నాను," అంది తుఫూల్.

హమ్‌దాన్ గొంతు సవరించుకున్నాడు. "పనితనానికి సలాం. కాని చెల్లెమ్మా, దీంతో తేలిందేంటి? ఇవాళ కెమెరా శుభ్రంగా ఉంది. వీడియోలో మసకగా ఉంది. అంటే నిప్పు పెట్టాక, జనం నోరు మూయించడానికి బాగుచేసుకుంది. శనివారం అన్నమాటకు సాక్షి ఎవరు? బొగ్గులా?"

"మంచి ప్రశ్న. నిప్పు పెట్టాక అంటే ఎప్పుడు?" అంది జువైనా.

"మంగళవారమో, నిన్ననో."

"సోమవారం రాత్రి కాకూడదా?"

"ఎలా అవుతుంది? మంటలు ఆరకముందే నేను గిడ్డంగికి చేరాను. అప్పటికే ఈవిడ కాలినడకన వచ్చి సుబైత్ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రికి నా కారులోనే తీసుకెళ్లాను. తెల్లవార్లూ నా ముందే ఉంది. వాంగ్మూలం కూడా అక్కడే తీసుకున్నాను. పొద్దున మళ్లీ నా కారులోనే ఇక్కడికి వచ్చాం. వచ్చీరాగానే ముసల్లం కార్డు తీసిచ్చాడు."

"అంటే మీ లెక్క ప్రకారం, మంగళవారం పొద్దున మీరు ఈ బండి వెనక నిలబడ్డప్పటికి కెమెరా ఇంకా మసకగానే ఉండి తీరాలి."

"ఉండి తీరాలి."

"ఉంటే ఇప్పుడే ఫోను తీసి ఔననేస్తాను. సరేనా?"

"సరే," అన్నాడు హమ్‌దాన్. కాని ఆ సరే కొంచెం ఆలస్యంగా వచ్చింది. శిష్యురాలు ఇంత తేలిగ్గా పందెం ఒప్పుకునే రకం కాదని అతడికి తెలుసు.

"ఈ బండిలో రివర్సు గేరు వేస్తేనే తెర మీద బొమ్మ కనిపిస్తుంది. కాని తాళం తిప్పగానే కార్డు మీద రాత మొదలవుతుంది. ముసల్లం తాళం తిప్పాడు, ఎర్రదీపం వెలిగింది. కార్డు చివరిదాకా చూశారా అన్నా?"

"గేటు ముక్క దొరికాక చివరిదాకా ఎవడు చూస్తాడు?"

జువైనా కంప్యూటరు దగ్గరకు వెళ్లి, కార్డులోని ఆఖరి దృశ్యాన్ని తెరిచింది.

ఈ రేకుల పంచే. మంగళవారం ఉదయపు బూడిదరంగు వెలుతురు. కెమెరాకు ఎదురుగా సాక్షాత్తూ హమ్‌దాన్. నిద్రలేని కళ్లతో నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని టోపీ పైకెత్తి నెత్తి గోక్కుంటున్నాడు. అతడి గడ్డంలోని ఒక్కొక్క తెల్లవెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. మసక లేదు. కుడివైపు పైన, అతడి టోపీకి కొద్దిగా ఎత్తున, లేత తేనెరంగు నెలవంక ఒకటి మెత్తగా వెలుగుతోంది.



"సుబ్‌హానల్లా," అన్నాడు హమ్‌దాన్ నెమ్మదిగా. "నా మొహాన్నే సాక్ష్యంగా పట్టుకొచ్చి నీ చేతిలో పెట్టాను."

"మంగళవారం పొద్దున్నకే నెలవంక ఉంది. సోమవారం రాత్రంతా టీచర్ గారు మీ కళ్ల ముందే ఉన్నారు. బాగుచేయడానికి ఒక పగలూ రాత్రీ కావాలి. కాబట్టి కెమెరా మంటలకు ముందే బాగుపడింది. బాగుపడ్డ కెమెరా ఏ దృశ్యం తీసినా అందులో ఈ వంక ఉండాలి. మీ గేటు దృశ్యంలో నీటి మసక ఉంది, వంక లేదు. అది శనివారానికి ముందు తీసింది. కింది తేదీ ఎవరో దిద్దిందే, సోమవారం రాత్రి మీరంతా ఆస్పత్రిలో ఉండగా ఈ బండి ఇక్కడ ఉన్నప్పుడు."

హమ్‌దాన్ గేటు దృశ్యాన్ని మళ్లీ ఒకటికి రెండుసార్లు నడిపించి చూశాడు. కుడిమూల మీద వేలు పెట్టి వెతికాడు. తర్వాత కంప్యూటరు మూత వాల్చి, తుఫూల్ ఎదుట నిలబడి, కుడి అరచేతిని గుండె మీద ఉంచుకున్నాడు.

"టీచరమ్మా, తప్పు నాది. మీరు కడిగింది ఒక్క కెమెరానే కాదు, నా కళ్లను కూడా. జువైనా, నువ్వు వేలిముద్ర తీయడం నా దగ్గర నేర్చుకున్నావని ఎవరైనా అంటే నమ్మొద్దని చెప్పు. ఇంత ఓపిక నా దగ్గర లేదు."

జువైనా ఫోను తీసి, అధికారికి ఒక్కమాట చెప్పింది. "కాదు సార్. ఈవిడ కాదు."

తుఫూల్ బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమె ముఖంలో ఊరట కనిపించాలి. కాని కనిపించలేదు. లెక్కలో తర్వాతి మెట్టు ఏమిటో ఆ పంచలో అందరికంటే ముందు ఆమెకే తెలిసిపోయింది.

"ఇక ఒకే ప్రశ్న," అంది జువైనా గొంతు తగ్గించి. "తేదీ దిద్దినవాడికి కెమెరా బాగుపడిందని తెలీదు. తెలిస్తే మసక దృశ్యం పెట్టడు. శనివారానికి ముందు ఈ బండిని గిడ్డంగికి తీసుకెళ్లింది ఎవరు టీచర్ గారూ?"

జువైనా తన సంచిలోంచి తెల్లకాగితం తీసి, కలంతో సహా ఆమె ముందు పెట్టింది. ఒత్తిడి చేయలేదు. తుఫూల్ రాయడం మొదలుపెట్టింది. కెమెరా విప్పిన తీరు రాసింది. రబ్బరు పగులు రాసింది. సాంబ్రాణి గూడు విషయంలో తన పొరపాటును కూడా వదలకుండా రాసింది. ఆ తర్వాత కలం ఆగింది.

"అమ్మ పోయేనాటికి వాడికి నడక రాదు. నా వేలు పట్టుకునే నేర్చుకున్నాడు," అంది ఎవరితోనో అన్నట్టు.

హమ్‌దాన్ తల పక్కకు తిప్పుకున్నాడు. "గిడ్డంగి స్థలం హోటలు కట్టేవాళ్లకు అమ్ముదామని తమ్ముడు అంటే, మీరు సంతకం పెట్టనన్నారట కదమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆమె తల ఊపింది. కలం మాత్రం కదల్లేదు. "సోమవారం అతడు నిజంగా ఏ బస్సు దిగాడో డిపోలో కనుక్కుంటాను," అంది జువైనా.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. ముసల్లం హడావుడిగా చెప్పులు వేసుకుంటూ పంచలోకి వచ్చాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"అక్కా! ఆస్పత్రి నుంచి ఫోను. సుబైత్ తాతకు స్పృహ వచ్చిందట. ఏదో చెప్పాలని చూస్తున్నాడట. పాపం, దగ్గర ఎవరూ లేరు. నేను ముందు పోయి కూర్చుంటాను. మీరు నిదానంగా రండి. తాళం చెవి ఏదీ?"

అతడి చెయ్యి చాచే ఉంది. గొంతులో అదే మెత్తదనం. తుఫూల్ ఆ చేతిని చూసింది, తర్వాత తమ్ముడి కళ్లలోకి చూసింది. ఆ చూపు ఎంతసేపు నిలిచిందో జువైనా లెక్కపెట్టలేదు. కాని అది ముగిసేసరికి తుఫూల్ కుడిచేయి కలాన్ని బిగించి పట్టుకుంది.

"ఉండరా. ఒక్క వాక్యం మిగిలింది," అంది ఆమె.

ఆమె ఆ వాక్యం రాసింది: గత గురువారం నా కారును గిడ్డంగికి తీసుకువెళ్లినవాడు నా తమ్ముడు ముసల్లం బిన్ సుహైల్, మరెవరూ కాదు. కింద తన పూర్తిపేరు స్పష్టంగా, పరీక్ష కాగితం మీద మార్కులు వేసినంత నిలకడగా సంతకం చేసింది. కాగితాన్ని పక్కకు జరిపింది. హమ్‌దాన్ నిలబడే చదివి, సాక్షిగా తన పేరు రాసి, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వెళ్లి గేటు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏంటక్కా అది? ఏం రాశావు?" ముసల్లం అడిగాడు. చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

జువైనా కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, యూనిఫారం లోపలి జేబులో పెట్టుకుని బొత్తాం వేసింది.